బస్సు ఆగని సోమవారం

"పోలీసులకి ఫోన్ చేస్తాను" అన్నాడు గోపీనాథ్ మూడోసారి.

"వద్దండీ. ఇంకో రెండు వీధులు చూద్దాం" అంది గిరిజ. స్టీరింగ్ తిప్పి కారుని పక్క వీధిలోకి పోనిచ్చింది.

"అరగంటయింది."

"నాకు తెలుసు."

కారు మనిషి నడకకన్నా నెమ్మదిగా పోతోంది. వెనకాల వచ్చేవాడెవడో విసుగ్గా హారన్ కొట్టి, పక్కనుంచి దాటుకుని వెళ్ళిపోయాడు. గిరిజ ప్రతి వాకిలీ, ప్రతి పొద చాటూ చూస్తోంది. నీలం సంచి, పసుపు టీషర్టు. ఇరవై రెండేళ్ళ పిల్ల. వెనకనుంచి చూస్తే ఏ కాలేజీకో పోతున్నట్టే ఉంటుంది. ఎదురుగా వచ్చి పలకరిస్తేగాని దేదీప్య సంగతి, ఇంట్లో వాళ్ళ దీపు సంగతి, ఎవరికీ తెలియదు. పలకరించినవాడు ఎలాంటివాడో గిరిజకి తెలియదు.

ఏడుంబావుకి స్కూల్ బస్సు వచ్చింది. పదేళ్ళపాటు వాళ్ళ వాకిట్లో ఆగిన బస్సు, అదే డ్రైవరు. అమెరికాలో ఇలాంటి పిల్లలకి ఇరవై రెండేళ్ళ దాకానే స్కూలు; మే నెలతో దీపుకి అది అయిపోయింది కాబట్టి ఈసారి ఆగకుండా వెళ్ళిపోయింది. దీపుకి ఆ సంగతి తెలియదు. బడి తెరిచే రోజని పక్కింటి పిల్లల హడావుడి చూసి తనే పసిగట్టి, తనే బట్టలు మార్చుకుని, సంచి తగిలించుకుని వాకిట్లో నిలబడింది. టిఫిన్ పెట్టేటప్పుడు మెల్లగా చెబుదాంలే అనుకుంది గిరిజ. వంటింట్లో ఫిట్స్ మాత్రల డబ్బా మూత తీస్తుండగా బస్సు చప్పుడు వినిపించింది. ఆ తర్వాత చెప్పుల చప్పుడు. బయటికి వచ్చేసరికి దీపు వీధి మలుపు తిరిగిపోతోంది, బస్సు వెనకాల పరుగెడుతూ.

"పొద్దుటి మాత్ర వేసుకోలేదు" అంది గిరిజ. "నీళ్ళు కూడా తాగలేదు. ఈ ఎండలో..."

"అందుకే ఫోన్ చేద్దామంటున్నాను."

"చేస్తే ఏం చేస్తారండీ? ఆగు అని అరుస్తారు. అది ఆగదు. చెయ్యి పట్టుకుంటారు. కొత్తవాళ్ళు పట్టుకుంటే కొడుతుంది. అప్పుడు వాళ్ళేం చేస్తారు?"

గోపీనాథ్ నంబరు నొక్కలేదు. ఫోన్ మాత్రం చేతిలోనే పట్టుకున్నాడు. ఎదురుగా మాక్‌ఆర్థర్ రోడ్డు, ఆరు వరుసల్లో కార్లు. ఆఫీసుల వేళ. ఎవరూ ఎవరికోసమూ ఆగని వేళ.

ఆ ఫోనే మోగింది. మాట్లాడిన రెండు నిమిషాల్లోనూ అతను "ఎస్", "ఎస్", "థాంక్యూ" తప్ప ఏమీ అనలేదు.

"స్కూల్లో ఉంది" అన్నాడు. "నడిచి వెళ్ళిపోయిందిట. క్లాసులో కూర్చుందిట."

గిరిజ కారు పక్కకి ఆపి, తల స్టీరింగ్‌కి ఆనించింది. ఈ ఆరు వరుసలూ దాటి వెళ్ళిందన్నమాట తన కూతురు. ఎలా దాటిందో ఎవరూ చూడలేదు.

"పద" అన్నాడు గోపీనాథ్. "అక్కడ పోలీసు ఆఫీసర్ ఉన్నాడట."

* * *

క్లాసు గది తలుపు దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. దీపు టీచర్ మిసెస్ హాల్, నడుముకి తుపాకీ ఉన్న కుర్ర పోలీసు, ఒక తల్లీ, ఆవిడ కూతురూ. ఆ అమ్మాయి చేతికి పట్టీ కట్టి ఉంది. దీపు ఇన్నాళ్ళూ కూర్చున్న కిటికీ పక్క కుర్చీ ఈ ఏడాది ఆ అమ్మాయికి ఇచ్చారు; లేవమని చెయ్యి పట్టుకుంటే దీపు గీరేసిందట. అందులో దీపు కూర్చుని ఉంది, రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని. మొహం ఎర్రగా కందిపోయి, జుట్టు నుదుటికి అంటుకుపోయి.

"దీపూ, పదమ్మా" అంది గిరిజ.

దీపు చూడలేదు. గిరిజ మాత్ర నోటిదాకా తీసుకెళితే నోరు తెరిచింది, నీళ్ళు తాగింది. బల్ల మాత్రం వదల్లేదు.

"నేను లేపనా?" అన్నాడు పోలీసు, మర్యాదగానే. ఒక అడుగు ముందుకి వేశాడు.

"వద్దు. ముట్టుకోవద్దు. ప్లీజ్" అంది గిరిజ. అతనికి అడ్డంగా వెళ్ళి నిలబడింది.

మిసెస్ హాల్ వచ్చి దీపు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. దీపుని ఆవిడ "డీ" అనే పిలుస్తుంది. "డీ, నా మాట విను. స్కూల్ అయిపోయింది. మే నెలలో కేక్ కోశాం, గుర్తుందా? ఇప్పుడు నువ్వు పెద్దదానివి. నేను నీ టీచర్‌ని కాదు. నీ ఫ్రెండ్‌ని."

దీపు టీచర్ని చూసింది. తర్వాత తల్లిని చూసింది.

"అమ్మ సెడ్ బస్" అంది. "అమ్మ సెడ్ ఆగస్ట్."

మిసెస్ హాల్ తల తిప్పి గిరిజ వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. అదే గిరిజకి మింగుడుపడలేదు. వేసవంతా రోజుకి పదిసార్లు అడిగింది దీపు, బస్సెప్పుడని. నిజం చెప్పిన మొదటి రోజు గోడకి తల కొట్టుకుంది. రెండో రోజునుంచి గిరిజ "ఆగస్టులో వస్తుందిలే" అనడం మొదలుపెట్టింది. ఆగస్టు చాలా దూరంగా ఉండేది అప్పుడు.

"బస్సు రాదు దీపూ" అంది గిరిజ తెలుగులో. "అమ్మ తప్పు చెప్పింది."

 చివరికి దీపు తనే లేచింది. ఈ గదిలో నేర్పినట్టే కుర్చీని బల్ల కిందకి జరిపి, సంచి భుజానికి తగిలించుకుంది.

బయట వరండాలో పోలీసు ఒక కాగితం తీశాడు. స్టూడెంట్ కానివాళ్ళు అనుమతి లేకుండా స్కూల్లోకి వస్తే హెచ్చరిక రాసివ్వాలట. మళ్ళీ వస్తే కేసవుతుందిట.

"వయసెంత?"

"ఇరవై రెండు" అన్నాడు గోపీనాథ్.

"గార్డియన్ ఎవరు? కోర్టు ఇచ్చిన పేపర్ ఉందా?"

"ఉంది" అంది గిరిజ. "పద్దెనిమిది నిండితే కన్నవాళ్ళమైనా కోర్టు ఒప్పుకోవాలి కదా, అప్పుడే చేయించాం. ఆయన దగ్గర ఫైల్లో ఉంది."

పోలీసు పెన్ను పట్టుకుని గోపీనాథ్ వైపు తిరిగాడు. గోపీనాథ్ గోడమీద పిల్లలు అంటించిన బొమ్మలు చూస్తున్నాడు.

"ఏవండీ."

"లేదు" అన్నాడు గోపీనాథ్.

"ఇంట్లో ఉందంటున్నారా?"

"ఎక్కడా లేదు గిరిజా. చేయించలేదు."

వాళ్ళ తెలుగు అర్థం కాకపోయినా పోలీసుకి సంగతి అర్థమైంది. పాపం, కాస్త ఇబ్బంది పడ్డాడు కూడా. "అయితే చట్టం ప్రకారం ఆవిడకి ఆవిడే బాధ్యురాలు. ఈ కాగితం నేను ఆవిడ చేతికే ఇవ్వాలి" అని, దీపు చేతిలో పెట్టాడు.

దీపు దాన్ని రెండు మడతలు పెట్టి, హోంవర్క్ కాగితంలా సంచి ముందు అరలో దాచుకుంది.

* * *

ఇంటికి చేరగానే దీపే ముందు కారు దిగింది.

తలుపు తీసింది రచన, చిన్న కూతురు. వేసవంతా హ్యూస్టన్‌లో ఇంటర్న్‌షిప్ చేసి శనివారమే ఇంటికి వచ్చింది. బుధవారం ఆస్టిన్ వెళ్ళిపోవాలి, కాలేజీకి. అక్క తిరిగొస్తుందేమోనని ఇంటి దగ్గర కాపలా పెట్టి వెళ్ళారు ఆ పిల్లని. దీపుని చూడగానే వాటేసుకుంది. దీపు రెండు క్షణాలు ఓర్చుకుని, విడిపించుకుని, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"ఏమైంది? మీ ఫేసెస్ ఏంటి అలా ఉన్నాయి?"

"మీ నాన్ననడుగు" అంది గిరిజ.

గోపీనాథ్ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాడు. అరవై దగ్గరపడుతున్న మనిషి, ఆ పూట ఇంకో పదేళ్ళు పైబడినట్టున్నాడు.

"లాయర్ దగ్గరికి వెళ్ళాను" అన్నాడు. "నిజంగానే వెళ్ళాను. డౌన్‌టౌన్‌లో. ఆయన పేపర్లు రెడీ చేసి ముందు పెట్టాడు. అందులో ఏముందో తెలుసా గిరిజా? దీనికి బుద్ధి చాలదు, ఓటు హక్కు తీసెయ్యండి, పెళ్ళి హక్కు తీసెయ్యండి, ఎక్కడుండాలో చెప్పుకునే హక్కు తీసెయ్యండి అని నేను కోర్టుని అడగాలి. కింద నా సంతకం. సాయంత్రం తీసుకొస్తానని కాగితాలు కార్లో పడేసుకుని వచ్చేశాను. ఆ సాయంత్రం ఇంటికొస్తే అది ఎదురొచ్చి నా బ్యాగు అందుకుంది."

"అందుకని నాకు అబద్ధం చెప్పారు."

"రేపు చేద్దామనుకున్నాను."

"నాలుగేళ్ళు."

"ఫోర్ ఇయర్సా? డాడీ, మీరు అమ్మకి చెప్పలేదా?" అంది రచన.

"హాస్పిటల్లో సంతకాలు పెట్టాను గార్డియన్‌నని. ఆ గ్రూప్ హోమ్ అప్లికేషన్‌లో పెట్టాను. అన్నీ అబద్ధాలేనా?" గిరిజ గొంతు పెంచలేదు. పెంచితే దీపు వింటుంది. "ఇవాళ ఆ పోలీసు దాన్ని తీసుకెళ్ళి ఉంటే, మీరెవరని అడిగితే, నేనేమని చెప్పాలి?"

"నువ్వు దానికి బస్సు రాదని చెప్పుంటే పోలీసు దాకా వచ్చేదే కాదు."

ఆ మాట అన్నాక గోపీనాథే తల దించుకున్నాడు. 

రచన ఇద్దరి మధ్యా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆ కౌంటీ ఆవిడ, మిస్ ఆల్వరెజ్, ఫోర్‌కి వస్తోంది కదా ఇవాళ. ఆ హోమ్ గురించి ఏం చెప్తున్నారు?"

అదే అసలు గొడవ, వారం రోజులనుంచి. కారల్టన్‌లో ఒక ఇల్లు. నలుగురు ఆడపిల్లలుంటారు, పగలూ రాత్రీ కనిపెట్టుకుని ఉండే మనుషులుంటారు. ఒక గది ఖాళీ అయింది. తొమ్మిదేళ్ళు వెయిటింగ్ లిస్టులో ఉంటే ఇప్పటికి పేరు వచ్చింది. ఇవాళ సాయంత్రంలోగా చెప్పకపోతే ఆ గది ఇంకొకరికి వెళ్ళిపోతుంది. దీపుకి ఆ తర్వాత ఎప్పుడు వస్తుందో మిస్ ఆల్వరెజ్ కూడా చెప్పలేనంది.

"నేను పంపను" అంది గిరిజ. "మొన్న చూశాం కదా. అక్కడ ఒకమ్మాయి బల్లమీద గుద్దుతోంటే పనిచేసే పిల్ల ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. తల కూడా ఎత్తలేదు. మూణ్ణెల్లకోసారి మనుషులు మారిపోతారట. రాత్రిపూట దీనికి ఫిట్స్ వస్తే ఎవరు చూస్తారు?"

"మనం ఎన్నాళ్ళు చూస్తాం?"

"ఉన్నన్నాళ్ళూ."

"అదే అడుగుతున్నాను. ఆ తర్వాత?" అన్నాడు గోపీనాథ్. "రచన చూడాలా? దానికి పంతొమ్మిదేళ్ళు."

"నేను చూస్తాను డాడీ. నేనెప్పుడూ చూడననలేదు" అంది రచన. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల కళ్ళలోకి వచ్చిన బెదురు గిరిజ చూసింది. చూడనట్టు లేచి వెళ్ళి పప్పు కడగడం మొదలుపెట్టింది.

* * *

మిస్ ఆల్వరెజ్ నాలుగింటికే వచ్చింది. కౌంటీ సర్కారు తరఫున దీపు కేసు చూసే మనిషి. యాభై దాటిన పొట్టి మనిషి, ఎప్పుడూ ఓపిగ్గా ఉంటుంది. పొద్దున జరిగింది స్కూలువాళ్ళు ఆమెకి ముందే చెప్పారు.

"గార్డియన్‌షిప్ లేదని ఇప్పుడే తెలిసింది" అంది సోఫాలో కూర్చుంటూ. "అది పెద్ద తప్పేం కాదు. చాలామందికి ఉండదు. కానీ ఒకటి మారుతుంది. ఇంతకాలం నేను మిమ్మల్ని అడిగాను. ఇప్పుడు దేదీప్యని అడగాలి."

"అడగండి. పిలుస్తాను" అంది గిరిజ.

"ఒంటరిగా అడగాలి. మీరు పక్కన ఉండకూడదు."

గిరిజకి నవ్వు వచ్చింది, భయంలో వచ్చే నవ్వు. "దానికి మూడు మాటలకన్నా ఎక్కువ రావండీ. నేను పక్కన లేకపోతే మీకేం అర్థమవుతుంది? దానికి ఆకలైనా నేనే చెప్పాలి."

"ప్రయత్నిస్తాను" అంది మిస్ ఆల్వరెజ్. దీపు గది తలుపు తట్టి, లోపలినుంచి "కమ్" అని వినపడేదాకా ఆగి, వెళ్ళి తలుపు మూసుకుంది.

అయిదు నిమిషాల్లో వస్తుందనుకుంది గిరిజ. పది నిమిషాలైంది. ఇరవై అయింది. గోపీనాథ్ హాల్లో నిలబడిన చోటే నిలబడి ఉన్నాడు. రచన మెట్లమీద కూర్చుని మోకాళ్ళు కౌగిలించుకుంది.

"అక్క మాట్లాడుతోంది" అంది.

నిజమే. మాటలు తెలియడం లేదు కానీ గొంతు వినిపిస్తోంది. ఆగుతూ, మళ్ళీ మొదలవుతూ, ఆగుతూ. ఒకసారి దీపు నవ్వింది. తర్వాత చాలాసేపు చప్పుడు లేదు. ఆ తర్వాత చెక్కమీద టక్, టక్, టక్ అని ఏదో కొట్టిన చప్పుడు.

గిరిజ తలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది. ఎందుకో అప్పుడే తెలియలేదు. ఒళ్ళు ముందు గ్రహించింది.

తలుపు తెరుచుకుంది. మిస్ ఆల్వరెజ్ బయటికి వచ్చి, తలుపు పైభాగాన్ని, బయటి వైపు, ఒక్క నిమిషం నిలబడి చూసింది. వచ్చి కూర్చుంది. మొహంలో ఓపిక అలాగే ఉంది. చిరునవ్వు లేదు.

"వెళతానందా?" అన్నాడు గోపీనాథ్.

"ఆ సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు ఒకటి అడగాలి. రాత్రిళ్ళు ఆమె గదికి బయటినుంచి గడియ వేస్తున్నారా?"

గోపీనాథ్ నిలబడ్డ చోటునుంచే ఆ తలుపు వైపు చూశాడు.

"అమ్మా?" అంది రచన మెట్లమీదనుంచి.

జనవరిలో ఒక రాత్రి దీపు నైటీతో, ఒట్టి కాళ్ళతో ఇంట్లోంచి వెళ్ళిపోయింది. హైవే పక్క సర్వీస్ రోడ్డులో దొరికింది, లారీలు పోతున్న చోట. మర్నాడే గోపీనాథ్ గడియ కొనుక్కొచ్చి తలుపు పైన, ఎవరి కంటా పడని ఎత్తులో బిగించాడు. అప్పట్నించి ప్రతి రాత్రీ పదింటికి వేయడం, పొద్దున ఆరింటికి తీయడం. రచన వచ్చినప్పుడల్లా ఆ పిల్ల పైకి వెళ్ళి పడుకునేదాకా ఆగి వేసేవాళ్ళు. తప్పు అనుకుని దాచారో, దాచారు కాబట్టి తప్పయిందో, ఇప్పుడు ఆలోచిస్తే గిరిజకే తెలియడం లేదు.

"ఆ గడియ బిగించింది నేను" అన్నాడు గోపీనాథ్. "దాని ప్రాణం కోసం. నేనే వేస్తాను రోజూ."

రోజూ వేసేది అతను కాదు. తొమ్మిదింటికే మందులేసుకుని పడుకుంటాడు. గిరిజ అతని వైపు చూసింది. నాలుగేళ్ళ అబద్ధం మీద ఇంకో అబద్ధం వేస్తున్నాడు, ఈసారి భార్యని కాపాడ్డానికి.

"నిప్పంటుకుంటే ఆమె ఎలా బయటికి వస్తుంది?" అంది మిస్ ఆల్వరెజ్. జవాబు కోసం ఆగలేదు. "ఇంకో విషయం చెప్పింది. నేను తడతాను, ఎవరూ రారు అంది. తలుపు కొట్టి చూపించింది. ఎన్నిసార్లని అడిగితే మెనీ అంది. ఇది నిజమా?"

"లేదు" అన్నాడు గోపీనాథ్ వెంటనే. "అది తడితే మాకు వినపడుతుంది. మా గది పక్కనే. గిరిజ నిద్ర చాలా పల్చన. వినపడితే వెళ్ళకుండా ఉంటుందా?"

మిస్ ఆల్వరెజ్ గ్రూప్ హోమ్ ఫారం ఉన్న కవరుని మడిచి పక్కన పెట్టింది. సంచిలోంచి ఇంకో కాగితాల కట్ట తీసింది. పైన పసుపు గీత ఉంది.

"మీరు మంచివాళ్ళని నాకు తెలుసు. కానీ నేను విన్నది ఇవాళే పై ఆఫీసుకి పంపాలి. పంపకపోతే నా ఉద్యోగం పోతుంది. మీరు చెప్పేది కూడా అందులో ఉంటుంది. కాబట్టి ఆలోచించుకుని చెప్పండి."

"పంపితే ఏమవుతుంది?" అంది రచన.

"ఎవరో ఒకరు ఇంటికి వస్తారు. ఈ రాత్రి ఆమె ఇక్కడ పడుకోవచ్చా లేదా అన్నది వాళ్ళు చెబుతారు."

"అమ్మా, చెప్పు. నువ్వు వెళ్ళావని చెప్పు."

దీపు గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎవరి వైపూ చూడడం లేదు. పొద్దుటి ఎండకి కందిన బుగ్గలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

ఒక్క మాట. "వెళ్ళాను" అంటే చాలు. గోపీనాథ్ కళ్ళతో బతిమాలుతున్నాడు.  దీపు కాదనదు. కాదనేందుకు ఆ పిల్లకి మాటలు చాలవు.

గిరిజ దీపు ముందు కింద కూర్చుంది. 

"రాసుకోండి" అంది ఇంగ్లీషులో. "గడియ వేసేది నేను. ఆయన కాదు."

"గిరిజా."

"జులైలో ఒక రాత్రి చాలాసేపు తట్టింది. నేను మేలుకునే ఉన్నాను. అంతకుముందు మూడు రాత్రులు నిద్ర లేదు. లేవలేకపోయాను. కాసేపటికి చప్పుడు ఆగిపోయింది. హమ్మయ్య అనుకుని పడుకున్నాను." చూపు దీపు పాదాల మీదే ఉంది. "పొద్దున తలుపు తీస్తే గుమ్మం దగ్గర నేలమీద ఉంది. పక్కంతా కాదు, నేలంతా తడి. ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కుంది. ఈయనకి చెప్పలేదు. డాక్టరుకీ చెప్పలేదు."

మిస్ ఆల్వరెజ్ పెన్ను కాసేపు కదల్లేదు. తర్వాత కదిలింది.

గోపీనాథ్ గోడకి ఆనుకుని అలాగే కిందకి జారి కూర్చున్నాడు. దీపు మాత్రం వచ్చి, ఆ కాగితాల మీదకి వంగి, ఆమె రాస్తున్నదాన్ని శ్రద్ధగా చూడసాగింది.